ఇంటికి వైఫై పెట్టించాలా, ఫోన్ హాట్‌స్పాట్‌తో సరిపోతుందా?

కరీంనగర్‌లో కొత్తగా అద్దెకు దిగినవాళ్లు, నిర్మల్‌లో కొడుకును గల్ఫ్‌కు పంపినవాళ్లు, ఉట్నూరు వైపు కిరాణా కొట్టు నడిపేవాళ్లు... చాలామంది అడిగే మాట ఒకటే. "ఫోన్‌లో రోజుకు రెండు జీబీ వస్తూనే ఉంది. హాట్‌స్పాట్ ఆన్ చేస్తే ఇంట్లో అందరికీ నెట్ వస్తుంది. మళ్లీ వైఫైకి నెలకు ఐదారొందలు దండగ కాదా?"

చిన్న జవాబు ముందే చెప్పేద్దాం. ఒకరిద్దరే ఉండే ఇంటికి, ఫోన్ ఎక్కువసేపు ఇంట్లోనే ఉండే ఇంటికి హాట్‌స్పాట్ చాలు. చదువుకునే పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉండి, డేటా ఉన్న ఫోన్ మాత్రం పొద్దున్నే అబ్బా జేబులో బయటికి వెళ్లిపోయే ఇంటికి చాలదు. స్పీడ్ ఎంత, జీబీలు ఎన్ని అని ఎంత చర్చించినా చివరికి లెక్క తేలేది ఇక్కడే. హాట్‌స్పాట్ ఫోన్ ఎవరిదో వాళ్ల వెంట పోతుంది. వైఫై ఇంట్లోనే ఉంటుంది.

మన దేశంలో ఈ ప్రశ్న రావడం సహజమే. 2016 సెప్టెంబరు 5న జియో మొదలయ్యాక నెట్ అంటే ఫోనే అన్నట్టు అయిపోయింది. బ్రాడ్‌బ్యాండ్ చందాదారులుగా లెక్కకొచ్చే వాళ్లలో ఇంటికి తీగ కనెక్షన్ ఉన్నవాళ్లు నూటికి ఐదుగురు కూడా లేరు. మిగతావాళ్లంతా సిమ్ కార్డు మీదే. పైగా ఇక్కడ మామూలు ప్యాకుల్లో హాట్‌స్పాట్‌కు వేరే డబ్బు పడదు. అమెరికాలో ఉన్న బంధువులను అడిగి చూడండి, అక్కడి చాలా ప్లాన్లలో హాట్‌స్పాట్ డేటాకు విడిగా ఒక హద్దు ఉంటుంది. ఆ విషయంలో మనం నయమే.

రెండు జీబీ ఎంతసేపు వస్తుంది?

హాట్‌స్పాట్ ఆన్ చేస్తే మీ ఫోన్ ఒక చిన్న రూటర్ అవుతుంది. టవర్ నుంచి వచ్చే డేటాను వైఫైగా మార్చి పక్క ఫోన్లకు, ల్యాప్‌టాప్‌కు, టీవీకి పంచుతుంది. ఎంతమంది వాడినా ఖర్చయ్యేది ఆ ఒక్క సిమ్ కోటానే.

వీడియోతో నడిచే ఆన్‌లైన్ క్లాసు గంటకు అరజీబీ నుంచి ఒక జీబీ దాకా లాగుతుంది, ఎక్కువమంది కెమెరాలు ఆన్‌లో ఉంటే ఇంకా ఎక్కువ. స్మార్ట్ టీవీలో హెచ్‌డీ సినిమా అయితే గంటకు రెండు మూడు జీబీలు. యూట్యూబ్‌ను 480పీలో పెట్టి చూస్తే గంటకు సుమారు అరజీబీతో గడుస్తుంది. ఇద్దరు పిల్లలు చెరో గంట క్లాసు విని, అమ్మీ కాసేపు వంటల వీడియోలో బయానో చూస్తే మగ్రిబ్ వేళకు రెండు జీబీ ఖతం.

కోటా అయిపోతే నెట్ పూర్తిగా ఆగదు, 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆ వేగంతో ఐదు ఎంబీల పీడీఎఫ్ దింపుకోవాలంటే పది నిమిషాలు దాటుతుంది. వాట్సాప్ మెసేజ్ పోతుంది, ఫొటో నానా తంటాలు పడుతుంది, వీడియో కాల్ మాత్రం మరిచిపోవాల్సిందే. ఇంకో మాట: 2023 జనవరి నుంచి ప్రభుత్వ నిర్వచనం ప్రకారం బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్ వేగం ఉండాలి. 64 కేబీపీఎస్ అంటే అందులో ముప్పయ్యో వంతు.

అటువైపు ఫైబర్ ప్లాన్లు చూస్తే, జియో, బీఎస్‌ఎన్‌ఎల్ వంటివాళ్లు 'అన్‌లిమిటెడ్' అంటూ ఇచ్చేదానికి చాలావరకు నెలకు 3,300 జీబీ హద్దు ఉంటుంది. రోజుకు 110 జీబీ అన్నమాట. మామూలు కుటుంబం అందులో సగం కూడా వాడలేదు.

"మాది 5జీ, అన్‌లిమిటెడ్" అని కొందరంటారు. 2024 జూలైలో ధరలు పెంచినప్పటి నుంచి జియో, ఎయిర్‌టెల్‌లలో ఆ సౌకర్యం రోజుకు 2 జీబీ, ఆపై ప్యాకులకే పరిమితమైంది. ఫోన్ కూడా 5జీది అయి ఉండాలి, సిగ్నల్ కూడా 5జీ అయి ఉండాలి. ఇంటి లోపలి గదిలోకి వెళ్లగానే ఫోన్ 4జీకి జారిపోతే, అక్కడి నుంచి ఖర్చయ్యేది మళ్లీ ఆ రెండు జీబీలే. మనకు తెలియకుండానే జారుతుంది. కోటా అయిపోయిందని మెసేజ్ వచ్చాక గానీ తెలీదు.

రాత్రి తొమ్మిదికి ఏమవుతుంది?

రంజాన్‌లో సహ్రీకి లేచినప్పుడు నెట్ బాగా పరుగెత్తడం చాలామంది గమనించే ఉంటారు. అందులో వింతేం లేదు. రోజువారీ కోటా అర్ధరాత్రి కొత్తగా మొదలవుతుంది. పైగా ఆ టైంకు టవర్ మీద జనం ఉండరు. టవర్‌కున్న సామర్థ్యాన్ని ఆ చుట్టుపక్కల ఫోన్లన్నీ పంచుకోవాలి. రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా బస్తీ మొత్తం ఒకేసారి వాడుతుంది. ఫోన్ మీద నాలుగు గీతలు నిండుగా కనిపిస్తూనే ఉంటాయి, వీడియో మాత్రం తిరుగుతూ ఉంటుంది. గీతలు చెప్పేది సిగ్నల్ బలం, టవర్ ఖాళీగా ఉందని కాదు. ఫైబర్ తీగను కూడా వీధిలో కొన్ని ఇళ్లు పంచుకుంటాయి గానీ దాని సామర్థ్యం చాలా పెద్దది కాబట్టి ఇంత తేడా కనిపించదు.

గల్ఫ్ కుటుంబాలకు ఇది మరీ ఇబ్బంది. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్, నిర్మల్ వైపు ఏ ఊరు తీసుకున్నా ఎడారి దేశాల్లో పనిచేసేవాళ్లు ఉంటారు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, సౌదీ రెండున్నర గంటలు వెనక. సౌదీలో మనిషి డ్యూటీ దిగి, స్నానం చేసి, తిని, రాత్రి ఎనిమిదికి ఫోన్ చేస్తే ఇక్కడ పదిన్నర. అప్పటికి మన దగ్గర రోజు కోటా అడుగంటి ఉంటుంది, టవర్ కిక్కిరిసి ఉంటుంది. రోజు మొత్తంలో ఇంటికి అన్నిటికంటే అవసరమైన కాల్, నెట్ అన్నిటికంటే బలహీనంగా ఉన్న టైంకే వస్తుంది. యూఏఈలో వాట్సాప్ కాల్ పనిచేయదు కాబట్టి అక్కడివాళ్లు డబ్బు కట్టి బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్ వాడుతుంటారు. అటు డబ్బు కట్టి, ఇటు నెట్ లేక ముఖం ఆగి ఆగి కనిపిస్తే ఆ బాధ వాళ్లకే తెలుసు. వీడియో కాల్‌కు డౌన్‌లోడ్ ఒక్కటే చాలదు, మన ముఖం అటు పోవడానికి అప్‌లోడ్ కూడా కావాలి. మొబైల్ నెట్‌లో అప్‌లోడ్ మామూలుగానే తక్కువ.

హాట్‌స్పాట్ తోనే నడిపేవాళ్లు కనీసం ఆ కాల్ కోసం రోజూ అర జీబీ పక్కన పెట్టుకోవాలి. ఫోన్ సెట్టింగ్స్‌లో 'డేటా లిమిట్' అని ఉంటుంది. ఒకటిన్నర జీబీ దగ్గర హెచ్చరిక వచ్చేలా పెట్టండి.

ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది?

కొవిడ్ టైంలో 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడి పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానెళ్లలో డిజిటల్ పాఠాలు మొదలుపెట్టారు. టీవీ మీద చెప్పడానికి కారణం అందరి ఇళ్లలో నెట్ లేకపోవడమే. టీవీ ఇంట్లో ఉంటుంది, ఎవరూ జేబులో వేసుకుని వెళ్లరు. ప్రైవేటు బడుల పిల్లలకు మాత్రం క్లాసు ఫోన్‌లోనే. అబ్బా పనికి, భాయి షాపుకు వెళ్లిపోతే క్లాసు కూడా వాళ్లతోనే వెళ్లిపోయేది. తిరిగొచ్చాక రికార్డింగ్ చూద్దామంటే అప్పటికి కోటా ఉండేది కాదు.

ఆ రోజులు పోయాయి గానీ ఆ చిక్కు పోలేదు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, మైనారిటీ గురుకులాల ప్రవేశాలు, ఇంటర్ పిల్లల వీడియో పాఠాలు, చిన్నపిల్లల ఆన్‌లైన్ తజ్వీద్ క్లాసులు అన్నీ నెట్ మీదే. ఇంట్లో డేటా ఉన్న ఫోన్ ఒక్కటే ఉంటే ముందు మగపిల్లాడి చేతికి వస్తుంది, తర్వాత ఆడపిల్లకు. ఎవరూ కావాలని చేయరు, అలా జరిగిపోతుంది. అబ్బాయికి ఇంట్లో నెట్ లేకపోతే స్నేహితుడి దగ్గరికో, నెట్ సెంటర్‌కో పోతాడు. రాత్రి ఎనిమిదికి అమ్మాయిని అలా పంపే ఇళ్లు మనలో ఎన్ని? అందుకే వైఫై పెట్టించాలా వద్దా అన్న లెక్కలో మొదటి ప్రశ్న 'పగలు ఇంట్లో ఉండేవాళ్ల చేతిలో నెట్ ఉందా' అన్నదే కావాలని నా అభిప్రాయం.

కోర్టులు కూడా ఈ మాట పట్టించుకున్నాయి. కోజికోడ్ జిల్లాలో కాలేజీ హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్న ఫహీమా షిరీన్, సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఆడపిల్లలు ఫోన్ వాడొద్దన్న హాస్టల్ నిబంధనను ప్రశ్నించింది. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో, గోప్యత హక్కులో భాగమని కేరళ హైకోర్టు 2019 సెప్టెంబరులో తీర్పు ఇచ్చింది.

డబ్బు లెక్క

వైఫై అంటే అదనపు ఖర్చు అనుకుంటాం. కాగితం మీద వేసి చూస్తే వేరేలా ఉంటుంది. నలుగురున్న ఇల్లు, నాలుగు ఫోన్లు అనుకుందాం. 2024 జూలై పెంపు తర్వాత జియోలో రోజుకు 2 జీబీ ప్యాక్ 28 రోజులకు రూ. 349. నెలకోసారి అనుకుంటాం గానీ 28 రోజుల లెక్కన ఏడాదికి 12 కాదు, 13 రీచార్జులు. ఒక ఫోన్‌కు రూ. 4,537, నాలుగింటికి రూ. 18,148.

ఇప్పుడు రూ. 499 ఫైబర్ ప్లాన్ తీసుకున్నారనుకోండి. ప్రకటనలో రాయని 18 శాతం జీఎస్టీ కలిపితే నెలకు రూ. 589, ఏడాదికి సుమారు రూ. 7,070. బయట తిరిగే ఒక్క ఫోన్‌కే డేటా ప్యాక్ ఉంచి, ఇంట్లోనే ఉండే మిగతా మూడింటికి కాల్స్, ఎస్‌ఎంఎస్‌లు మాత్రమే ఉండే ప్యాక్ వేయించవచ్చు. డేటా వద్దన్నవాళ్లకు అలాంటి ప్యాకులు ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది. తర్వాత వచ్చినవి 84 రోజులకు సుమారు రూ. 450 దగ్గర ఉన్నాయి. ఈ లెక్కన మొత్తం ఏడాదికి సుమారు రూ. 17,500. అంటే వైఫై ఉన్నా ఖర్చు పెరగదు, కొంచెం తగ్గుతుంది కూడా.

కాలేజీకి వెళ్లే అమ్మాయి ఫోన్‌లో డేటా తీసేయడం నాకు నచ్చదు. బస్సు తప్పినా, ఆలస్యమైనా ఇంటికి లొకేషన్ పంపాలంటే నెట్ ఉండాలి. ఆ ఫోన్‌కు కూడా డేటా ఉంచితే లెక్క సుమారు రూ. 20 వేలకు వెళ్తుంది. అప్పుడు వైఫై కోసం మనం అదనంగా పెడుతున్నది నెలకు నూట అరవై రూపాయలు.

ఒంటరిగా గదిలో ఉండే బ్యాచిలర్‌కు, ఇద్దరే ఉండే వృద్ధ దంపతులకు ఈ లెక్క తిరగబడుతుంది. వాళ్లకు ఏడాదికి ఏడు వేలు నిజంగానే దండగ. ధరలు మారుతుంటాయి కాబట్టి కట్టేముందు కంపెనీ యాప్‌లో ఒకసారి చూసుకోండి. ఆరు నెలలు, ఏడాది ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామంటారు. మొదటి నెల పనితీరు చూడకుండా మాత్రం ఏడాది డబ్బు కట్టొద్దు.

ఊరిని బట్టి

కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, మంచిర్యాల, ఆదిలాబాద్ పట్టణాల్లో ఫైబర్ దొరుకుతుంది. కంపెనీ పేరు ఏదైనా చివరి తీగ లాగేది, తెగితే అతికేది చాలాచోట్ల మన వీధి కేబుల్ ఆపరేటరే. కాబట్టి ప్లాన్ ఎంచుకునే ముందు పక్కింటివాళ్లను ఒక్కటి అడగండి: పోయినసారి తీగ తెగినప్పుడు ఎన్ని రోజులకు వచ్చారు? వానాకాలంలో, రోడ్లు తవ్వే రోజుల్లో ఈ జవాబు విలువ తెలుస్తుంది.

పల్లెలకు ఫైబర్ మాట చాలా ఏళ్లుగా వింటున్నాం. పంచాయతీలకు తీగ వేసే కేంద్ర పథకానికి 2011లోనే ఆమోదం వచ్చింది, అదే తర్వాత భారత్‌నెట్ అయింది. మిషన్ భగీరథ పైపుల కందకాల్లోనే కేబుల్ వేస్తూ రాష్ట్రం టీ-ఫైబర్ మొదలుపెట్టింది. 2024 డిసెంబరు 8న దాన్ని ప్రయోగాత్మకంగా ప్రారంభించిన ఊళ్లలో పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ ఒకటి. నెలకు రూ. 300కు 20 ఎంబీపీఎస్ ఇస్తామని, ఇంట్లో టీవీనే కంప్యూటర్‌లా వాడుకోవచ్చని అన్నారు. మీ ఊరి పంచాయతీ ఆఫీసుకు తీగ వచ్చిందో లేదో కార్యదర్శిని అడిగితే చెప్తారు. పంచాయతీకి రావడం వేరు, అక్కడి నుంచి మీ ఇంటికి రావడం వేరు.

ఉట్నూరు, నార్నూరు, జైనూరు, సిర్పూర్ వైపు గుట్టలు, అడవి. అక్కడ ఫైబర్ ఊసే లేని ఊళ్లు, ఫోన్ పట్టుకుని మిద్దె ఎక్కితే గానీ సిగ్నల్ అందని ఊళ్లు ఉన్నాయి. దేశంలో 4జీ అందని 24,680 ఊళ్లకు బీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా టవర్లు వేయడానికి 2022 జూలైలో కేంద్ర కేబినెట్ ఆమోదం తెలిపింది. అలాంటి చోట హాట్‌స్పాటా, వైఫైయా అన్నది ప్రశ్నే కాదు, ఏ కంపెనీ సిగ్నల్ ఇంట్లోకి వస్తే ఆ సిమ్మే దిక్కు. కంపెనీల వెబ్‌సైట్లలో ఇప్పుడు కవరేజీ మ్యాపులు చూడవచ్చు. మ్యాపు కంటే నమ్మకమైనది, చుట్టం ఫోన్‌లో ఉన్న సిమ్‌తో రాత్రి తొమ్మిదికి మీ ఇంట్లోనే వేగం చూడటం. ట్రాయ్ 'మైస్పీడ్' యాప్ ఉచితం. మూడు రాత్రులు చూస్తే సంగతి తెలుస్తుంది.

ఇంకో విషయం ఉమ్మడి ఆదిలాబాద్ వాళ్లకు చెప్పనక్కర్లేదు. 2020 జనవరిలో భైంసా ఘర్షణల తర్వాత, 2024 సెప్టెంబరులో జైనూరు ఘటనల తర్వాత ఇంటర్నెట్ ఆపేశారు. ఇలాంటి ఉత్తర్వులు దేశంలో చాలాసార్లు మొబైల్ డేటాకే పరిమితం అవుతాయి, కొన్నిసార్లు తీగ నెట్ కూడా ఆగుతుంది. వైఫై ఉంటే ఆ రోజు పని నడుస్తుందన్న గ్యారంటీ లేదు, అవకాశం మాత్రం ఉంది. నెట్ ఆపే ఉత్తర్వులను బయటపెట్టాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న అనురాధా భాసిన్ కేసులో చెప్పింది. 2024 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం ఒక ఉత్తర్వు 15 రోజులకు మించి ఉండకూడదు.

మధ్యేమార్గాలు

ఫైబర్ రాని ఇంటికి, అద్దె ఇల్లు తరచూ మారేవాళ్లకు సులువైనది ఒకటుంది. డ్రాయర్‌లో పడి ఉన్న పాత 4జీ ఫోన్‌లో ఒక సిమ్ వేసి దాన్ని ఇంట్లోనే ఉంచేయడం. ఎవరు బయటికెళ్లినా నెట్ ఇంట్లో ఉంటుంది. కాకపోతే దాన్ని రోజంతా చార్జింగ్‌లో వదిలేయకండి. హాట్‌స్పాట్‌తో ఫోన్ వేడెక్కుతుంది, ఆ వేడిలో చార్జింగ్ కూడా పెడితే బ్యాటరీ ఉబ్బుతుంది. వెనక మూత లేచినట్టు కనిపిస్తే వాడటం ఆపేయండి. రేకుల ఇంట్లో, లోపలి గదిలో సిగ్నల్ పడిపోతుంది కాబట్టి కిటికీ దగ్గర, పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. ల్యాప్‌టాప్ ఒక్కదానికే నెట్ కావాలంటే వైఫై కంటే యూఎస్‌బీ తీగతో కలపడం మేలు. వేగం నిలకడగా ఉంటుంది, ఫోన్ తక్కువ వేడెక్కుతుంది. రెండు సిమ్‌ల ఫోన్ అయితే ఒకటి గుర్తుంచుకోండి, చాలా ఫోన్లలో రెండో సిమ్‌కు కాల్ వస్తే మొదటి సిమ్ డేటా ఆగుతుంది. క్లాసు మధ్యలో నెట్ పోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఎయిర్‌ఫైబర్ అని వినే ఉంటారు. జియో దీన్ని 2023 సెప్టెంబరులో హైదరాబాద్ సహా ఎనిమిది నగరాల్లో మొదలుపెట్టి తర్వాత చిన్న పట్టణాలకు విస్తరించింది. మిద్దె మీద పెట్టే చిన్న డబ్బా టవర్ నుంచి సిగ్నల్ అందుకుంటే, లోపల రూటర్ వైఫై ఇస్తుంది. వీధిలో తీగ అక్కర్లేదు. ఇది ఇంట్లోనే ఉండే నెట్ కాబట్టి మన అసలు చిక్కు తీరుతుంది. నెలకు 1,000 జీబీ దాకా ఇస్తున్నారు, అదీ సరిపోతుంది. కానీ ఇదీ టవర్ మీదే ఆధారపడుతుంది గనక రాత్రి పరీక్ష దీనికీ వర్తిస్తుంది. అద్దె ఇంట్లో అయితే మిద్దె మీద బిగించడానికి ఇంటి ఓనర్‌ను ముందే అడగాలి.

కరెంటు పోతే హాట్‌స్పాట్ పనిచేస్తుంది, వైఫై ఆగిపోతుంది. ఇది హాట్‌స్పాట్‌కు ఉన్న నిజమైన బలం. వైఫై పెట్టించుకుంటే రూటర్‌కు సరిపోయే చిన్న యూపీఎస్ కూడా కొనుక్కోండి. టీవీకి, ఫ్రిజ్‌కు పెట్టే పెద్ద ఇన్వర్టర్ అక్కర్లేదు.

ఏది వాడినా పాస్‌వర్డ్ మార్చండి. ఇంటి ఫోన్ నంబరే పాస్‌వర్డ్‌గా పెడితే గల్లీ పిల్లలందరికీ తెలిసిపోతుంది. మీ నెట్ మీద ఎవరు ఏం చేసినా పోలీసులు ముందు వచ్చేది సిమ్ లేదా కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ల దగ్గరికే. పక్కింటి వాళ్ల దగ్గర డబ్బు తీసుకుని వైఫై పంచడం కంపెనీ నిబంధనలకు విరుద్ధం. అలా అమ్ముకోవాలనుకునే దుకాణదారులకు 2020 డిసెంబరులో వచ్చిన పీఎం-వాణి పథకం ఉంది, దానికి లైసెన్సు అక్కర్లేదు.

తీగ నెట్ చెడితే మూడు రోజుల్లో బాగుచేయాలి, అది దాటితే కంపెనీ పరిహారం ఇవ్వాలని ట్రాయ్ 2024 నిబంధనలు చెబుతున్నాయి. మొబైల్ నెట్‌వర్క్ జిల్లా స్థాయిలో 24 గంటలకు మించి పడిపోతే పోస్ట్‌పెయిడ్ వాళ్లకు బిల్లులో తగ్గింపు, ప్రీపెయిడ్ వాళ్లకు గడువు పొడిగింపు ఇవ్వాలి. ఇందుకోసం ఫిర్యాదు చేసిన రోజే డాకెట్ నంబరు తీసుకుని రాసిపెట్టుకోండి. కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసి చెప్పినంత మాత్రాన అది కంపెనీ రికార్డుల్లోకి ఎక్కదు. కస్టమర్ కేర్‌లో పని కాకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయాలి, అక్కడా కాకపోతే కేంద్ర టెలికాం శాఖ ఫిర్యాదుల విభాగానికి. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదులను విడిగా తీసుకోదు.